రాయి అడుగున మాట

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆమె రాళ్ళక్కే. వీధి మలుపులో రేకుల షెడ్డు, షెడ్డు ముందు వరసగా నిలబెట్టిన నమూనా రాళ్ళు, లోపల పొద్దస్తమానం సుత్తి చప్పుడు, ఆ చప్పుడును మించి ఆమె గొంతు. ఇంటి పలకలు, భవనాల ప్రారంభోత్సవ పలకలు, సమాధి రాళ్ళు, అక్షరం చెక్కాల్సిన రాయి ఏదైనా చుట్టుపక్కలవాళ్ళు ఆమె దగ్గరికే రావాలి. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళ మీద సుత్తి విసిరేదని చెప్పుకుంటారు గాని అది ఉత్త అబద్ధం. విసరలేదు, విసరబోయింది.

కోపం ముక్కు మీద కూర్చుని ఉండే ఆ మనిషే పద్యాలు రాస్తుందంటే కొత్తవాళ్ళు నమ్మరు. సమాధి రాయి చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు పేరు, తేదీలు చెప్పేశాక, ఇంకా ఏమైనా రాయించాలని ఉండి, ఏం రాయించాలో తెలియక నీళ్ళు నములుతూ నిలబడతారు. అప్పుడు రాళ్ళక్క ఉలి కింద పెట్టి, "ఆవిడ ఎవర్ని బాగా తిట్టేది?" అని అడుగుతుంది. "నవ్వితే చప్పుడొచ్చేదా, రాదా?" అని అడుగుతుంది. రెండ్రోజుల్లో నాలుగు పంక్తులు కట్టి ఇస్తుంది. అది చదివి ఏడవకుండా షెడ్డు దాటినవాళ్ళు తక్కువ. కొన్ని పత్రికల్లో కూడా పడ్డాయి. కవయిత్రి అంటే మాత్రం ఒప్పుకోదు. "రాళ్ళు కొట్టుకునేదాన్ని, నాకెందుకయ్యా ఆ బిరుదులు" అంటుంది. నిజమే కదా అని ఎవరైనా రాళ్ళు కొట్టేదని అన్నారో, ఇక ఆ మనిషితో నెలరోజులు మాటలుండవు.

ఒకరోజు మధ్యాహ్నం మాస్టారు ఒక నల్ల అట్ట పుస్తకం చంకలో పెట్టుకుని షెడ్డుకి వచ్చాడు. ఆయన రిటైరైన బడిపంతులు. భార్య సమాధికి పద్యం రాయించుకున్నప్పటి నుంచి రాళ్ళక్కకు వీరాభిమాని.

"అమ్మాయీ, నువ్వు పుస్తకానికెక్కావు" అన్నాడు, ఒళ్ళంతా నవ్వుతూ. "మిల్లు గేటు దగ్గర రాయి మీద పద్యముంది చూడు, పోయిన నీ తమ్ముడివాళ్ళ మీద రాసినది, మొత్తం వేశాడు. ఎవరో పెద్దాయన రాసిన పుస్తకం. సమాజంలో ఉన్న కుళ్ళంతా కడిగేశాడట. అందరూ దీని గురించే మాట్లాడుకుంటున్నారు."

"మీరు చదివారా మాస్టారూ?"

"నీ పద్యం వరకు చదివాను. మిగతాది కళ్ళజోడు మార్చుకున్నాక చదవాలి."

బస్సు టికెట్టు పెట్టి గుర్తుంచిన పేజీ తెరిచి ఆమె చేతికిచ్చి, ఈ శుభవార్త ఇంకో నలుగురికి చెప్పాలన్న తొందరలో ఆయన వెళ్ళిపోయాడు. రాళ్ళక్క చేతులు కొంగుకు తుడుచుకుని బల్ల మీద కూర్చుంది. నిజంగానే పద్యం ఉంది, ఒక్క అక్షరం పోకుండా.

*నూలు వడికిన చేతులారా, నిదురపొండి,*
*తెల్లపత్తి పరుపుపైన అలుపు తీర;*
*మీరు విడిచిన దారమే మా దారి దీపం,*
*మరల పూసే చేలలో మిము చూసుకొందుము.*

అచ్చులో చూసుకుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆమెకూ వేసింది. ఆ ముచ్చట కింది పేరా మొదలయ్యేదాకే.

ఆ పేరాలో ఇలా ఉంది: "ఈ నూలు మిల్లులో పత్తి గోదాము తగలబడి ఏడుగురు కార్మికులు మరణించారు. పత్తి దొంగతనం జరగకుండా గోదాము తలుపుకు బయటి నుంచి తాళం వేయడం అక్కడ అలవాటు. పద్యంలో ఆ తాళం లేదు. తలుపే లేదు. పత్తిలో కాలిపోయినవారికి ఈ కవి పత్తి పరుపు వేసి నిద్రపుచ్చాడు. యజమాని ఇంతకంటే కోరేదేముంటుంది? ఇటువంటి కవులు కూడా అతని కాపలాదారులే. చేతిలో లాఠీకి బదులు లాలిపాట ఉంటుంది, అంతే తేడా."

అరికాలి మంట నెత్తికెక్కింది రాళ్ళక్కకి. మళ్ళీ చదివింది. ఇంకోసారి చదివితే మాటలు మారతాయేమోనన్నట్టు మూడోసారీ చదివింది. పుస్తకాన్ని బల్ల మీద పడేసి, సగంలో ఉన్న ఇంటి పలక ముందు కూర్చుని సుత్తి అందుకుంది. ఒక్క దెబ్బకే ఉలి మొన విరిగింది.

"నిద్రపుచ్చాడట" అంది గోడతో. "కనీసం ఆడో మగో కనుక్కున్నావా? యజమాని చేయించుకున్నాడా? రాయి నాది. చెయ్యి నాది. చచ్చింది నా తమ్ముడు. నువ్వెవడివయ్యా మధ్యలో?"

ఆ కోపం తప్పని ఎవరైనా అంటే ఈ కథ చెబుతున్నవాళ్ళం ఒప్పుకోం. గోదాము తగలబడి పదేళ్ళు దాటింది. తమ్ముడు పోయాక తల్లి మంచం పట్టింది. తిండి లేదు, నిద్ర లేదు, రోజంతా ఒకటే గొణుగుడు, "ఎంత మండిందో నా బిడ్డకి" అని. ఆ గొణుగుడు వినలేక రాళ్ళక్క షెడ్డులో ఉన్న మంచి రాయి తీసి ఆ నాలుగు పంక్తులు చెక్కింది. గేటు దగ్గర రాయి నిలబెట్టిన రోజు తల్లి వచ్చి, ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమి, కూతురి చేత చదివించుకుని, ఇంటికెళ్ళి మొదటిసారి కడుపునిండా తిని పడుకుంది. యజమాని కూడా వచ్చాడు. తలొంచుకుని నిలబడి ఫోటో తీయించుకున్నాడు. రాయి ఎవరిచ్చారని గాని, పద్యం ఎవరు రాశారని గాని ఎక్కడా చెప్పలేదు. మిల్లు పెట్టించిందనే లోకం అనుకుంది. ఆ నల్ల పుస్తకం రాసినాయనా అలాగే అనుకున్నాడు.

సరే, ఆయనకి బుద్ధి చెప్పాల్సిందేనని రాళ్ళక్క కాగితం తీసుకుంది. మొదటి కాగితం "అయ్యా" అని మొదలైంది. కోపానికి అది మరీ మర్యాదగా ఉందని చించేసింది. రెండోది "ఏమయ్యా" అని మొదలైంది. అందులో తల్లి సంగతి రాసింది, నీకూ ఒక తల్లి ఉండే ఉంటుంది గదా అని రాసింది. ఆ ముక్క చదువుకుంటే తనకే ఏడుపొచ్చింది. ఏడుస్తూ తిడితే ఎవడు లెక్కచేస్తాడని దాన్నీ చించేసింది. మూడో కాగితం మీద సూటిగా అసలు మాట పెట్టింది. "పద్యంలో తాళం లేదన్నావు. తాళం ఉంది. నేను రాశాను."

నిజంగానే రాసింది. అది ఆమెకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

నిలబెట్టే రాయికి అడుగున మూరెడు మేర నేలలోకి పోతుంది. సిమెంటులో కప్పబడిపోయే చోటు గనక దానికి పాలిష్ పట్టరు, గరుకుగా వదిలేస్తారు. ఉలికి సానపట్టాక పదును సరిపోయిందో లేదో చూసుకోవడానికి అక్కడ నాలుగు గీతలు గీసి చూస్తారు. ఎవరూ చూడని చోటు కాబట్టి అక్కడేం గీసినా అడిగేవాడుండడు. తమ్ముడి రాయి పద్యమంతా పూర్తయి, మిల్లు బండి కోసం ఎదురుచూస్తున్న పూట, రాళ్ళక్క ఆ రాయి మీదే ఎక్కి కూర్చుంది. తన పద్యం మీద తనే కూర్చుని, ఆ గరుకు చోటు వైపు తిరిగి, లోతుగా ఒక వాక్యం చెక్కింది. *తలుపుకు బయట తాళం వేసి ఉంది.*

ఆ మాటను పద్యంలో పెట్టాలనే చూసింది ముందు. ఇమడలేదు. తాళం అనగానే నడక కుంటింది. దాని పక్కన దీపాలూ దారాలూ వెలవెలబోయాయి. ఆ ఒక్క మాట ఉంచాలంటే మిగతా పద్యమంతా తీసేయాలి. పైగా తల్లి నిద్రపోవాలి. అందుకని పద్యాన్ని పైన ఉంచి మాటను అడుగున పెట్టింది. ఆ తర్వాత మిల్లు గేటు మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఆ రాయి అడుగు వైపు ఒక చూపు చూసేది. నేను చెప్పాల్సింది చెప్పేశాను, అక్కడుంది, అని గుండె నిబ్బరం చేసుకునేది. తల్లి పోయి నాలుగేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

ఇప్పుడు కాగితం మీద తర్వాతి వాక్యం రాసింది. "రాయి అడుగున, సిమెంటు లోపల ఉంది." రాసి, ఎలా ఉందో చూసుకుందామని పైకి చదివింది.

కలం కింద పెట్టేసింది. ఇంత పెద్ద పుస్తకం రాసినవాడికి తను చెప్పబోతున్న జవాబు ఇదా? పదేళ్ళుగా తన ధైర్యమని గుండెల్లో పెట్టుకు తిరుగుతున్నది ఇదా?

"ఎవరు చదివారే దాన్ని?" అని తనను తానే అడిగింది. "వానపాములు చదివాయా? నాలుగు వీధులూ నీ నోరంటే హడలి చస్తాయి. అరవాల్సిన ఒక్క చోట జోకొట్టి వచ్చావు. దానికి మళ్ళీ ధైర్యమని పేరు." ఆయన మీద ఒళ్ళు మండటం తగ్గలేదు. తన తల్లి ఏమిటో, ఆ నాలుగు పంక్తులు ఆ ఇంట్లో ఏం చేశాయో తెలియకుండా కూసినందుకు ఆయన మీద కోపం అలాగే ఉంది. ఆయన అన్నది నిజమైనందుకు అంతకు రెట్టింపయింది. కాగితాన్ని ఉండచుట్టి, ఎప్పటి నుంచో ఊగుతున్న బల్ల కాలు కింద కుక్కింది. బల్ల కూడా ఊగడం మానలేదు.

మూడో రోజు మిల్లు బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది. అందులోంచి మేనేజరు దిగాడు, ఆయన వెనక నలుగురు కూలీలు ఆ రాయినే దింపారు. మిల్లుకి కొత్త గేటు కడుతున్నారు, పాత గోడ తీసేశారు.

"రాళ్ళక్కా, మన పద్యం పెద్ద పుస్తకంలో పడిందటగా" అన్నాడు మేనేజరు. "మాస్టారు మొన్న ఆఫీసుకొచ్చి మరీ చెప్పాడు. మా సారు తెగ సంబరపడిపోయారు. కొత్త గేటు పక్కన పాలరాతి దిమ్మె మీద పెట్టిస్తున్నారు. అక్షరాలకి బంగారు రంగు వెయ్యి. దిమ్మెకి లోతు లేదు గనక అడుగున ఆ గరుకు ముక్క కోసి పారెయ్యి."

"మీ సారు చదివారా ఆ పుస్తకం?"

"ఆయనకంత తీరికెక్కడిది? నువ్వు చదివావా?"

"చదివాను" అంది రాళ్ళక్క. ఆమె అరవకుండా ఊరుకుందంటే భయపడాలని మేనేజరుకి తెలియదు. గురువారానికి కావాలని చెప్పి బండెక్కాడు.

ఆయన వెళ్ళాక రాళ్ళక్క సుత్తి తీసుకుని రాయి అడుగున పట్టిన సిమెంటు పెచ్చులు ఒక్కొక్కటే రాలగొట్టింది. పైన పద్యం ఎండకూ వానకూ అరిగి, రంగు వెలిసి, ముసలిదైపోయింది. అడుగున వాక్యం మాత్రం నిన్న చెక్కినట్టుంది. పదేళ్ళూ దాన్ని ఎండ తాకలేదు, వాన తాకలేదు, ఒక్క కన్ను తాకలేదు. రంపం మిషను పక్కనే ఉంది. మీట నొక్కితే ఆ ముక్క ఊడిపోతుంది, బంగారు రంగు పులిమిన జోలపాట కొత్త గేటుకి తయారవుతుంది. రాళ్ళక్క మిషను వంక చూసి పళ్ళు నూరింది.

అప్పుడే మరదలు పని నుంచి వచ్చింది. తమ్ముడి భార్య. అతను పోయాక మిల్లువాళ్ళు క్యాంటీన్లో పని ఇచ్చారు. షెడ్డు వెనక గదుల్లో ఇద్దరూ కలిసే ఉంటారు, ఆమె కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. క్యాంటీన్ సంచీ భుజాన ఉండగానే మరదలు రాయి దగ్గర ఆగిపోయింది. తల వైపు నిలబడి మెడ వంచి చూసింది.

"ఇదేంటి వదినా, ఇటునుంచి చూస్తేనే సరిగ్గా చదవడానికొస్తోంది? తలకిందులుగా చెక్కావా?"

"రాయి మీద కూర్చుని చెక్కాను. అందుకని తిరగబడింది."

"ఎప్పుడు?"

"అప్పుడే."

మరదలు వాక్యాన్ని పెదవులతో చదువుకుంది. చదివాక సంచీ కింద పెట్టి రాయి పక్కన కూలబడింది. ఏడుస్తోందేమోనని రాళ్ళక్క వంగి చూసింది. ఏడవడం లేదు.

"నీ పద్యం నాకెప్పుడూ నచ్చలేదు వదినా" అంది చివరికి.

రాళ్ళక్క ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. "ఏమన్నావు?"

"నిద్రపొమ్మన్నావు. ఆయన నిద్రపోలేదు. ఆసుపత్రిలో అత్తయ్యని చూడనివ్వలేదు గాని నన్ను చూడనిచ్చారు. చేతులు చూశాను. వేళ్ళ కణుపులు పగిలిపోయి ఉన్నాయి. కాలినవి కాదు, పగిలినవి. తలుపు కొట్టాడు వదినా. చచ్చేదాకా కొట్టాడు."

"మరి ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"అత్తయ్యకి ఆ పద్యంతోనే కాస్త నిద్రపట్టింది. ఆ తర్వాత నీ కోపమంటే భయం. నీ పద్యాన్ని బాలేదని నీకెవరు చెబుతారు?" మరదలు గొంతు మొదటిసారి పెరిగింది. "రోజూ ఆ గేటులోంచే పనికి పోతున్నాను. రోజూ నా ముఖాన రాసుంటుంది, పత్తి పరుపు అని. ఒక్కోరోజు దాని మీద ఉమ్మెయ్యాలనిపించేది."

ఏ పుస్తకంలో ఏ పెద్దాయన రాసినదీ ఇంత లోతుకు దిగలేదు రాళ్ళక్కకి. కోప్పడదామంటే కోపం ఎదురు తిరిగి తన మీదే పడుతోంది. మరదలు పక్కన తనూ కూర్చుని, రాతి పొడి అంటిన చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉమ్మెయ్యాల్సిందే" అంది. తర్వాత, "ఈ రాయి ఆ గేటుకి పోదు" అంది.

"మరి?"

"నువ్వే చెప్పావుగా తలకిందులుగా ఉందని. తలకిందులుగానే పాతుదాం. ఇక్కడే, మన షెడ్డు ముందు. పద్యం నేలలోకి పోతుంది, ఇది పైకొస్తుంది. షిఫ్టు దిగినవాళ్ళందరూ పోయే దారే కదా ఇది." అని, మరదలి ముఖంలోకి చూసి ఆగింది. "నీ పని పోతుందేమో. నువ్వు వద్దంటే వద్దు. కోప్పడనులే, నిజంగా."

మరదలు సంచీని గోడవారకి జరిపింది. "పని పోతే పిల్ల చదువేం చెయ్యాలో నాకు తెలీదు వదినా. భయంగానే ఉంది, లేదని ఎందుకనాలి" అంది. లేచి, చీర చెంగు నడుముకి దోపుకుని గోడవారగా ఉన్న గడ్డపార అందుకుంది. "ఎంత లోతు తవ్వాలో గీత గియ్యి."

పొద్దువాలే లోపల తొడ లోతు గుంట తవ్వారు ఇద్దరూ. మట్టి గట్టిగా ఉంది, మరదలికి చేతులు బొబ్బలెక్కాయి, అయినా పార ఇవ్వమంటే ఇవ్వలేదు. చెక్క దుంగల మీద రాయిని దొర్లించుకుంటూ తెచ్చి, తలను గుంటలోకి దింపారు. నూలు వడికిన చేతులు ముందు పోయాయి, తర్వాత పత్తి పరుపు, దీపం, చేలు. మట్టి పోసి తొక్కేటప్పుడు రాళ్ళక్క కిందికి చూడలేకపోయింది. ఎంతైనా తను రాసుకున్నది, తల్లి వేలితో తడిమినది. తొక్కడం మాత్రం ఆపలేదు. నేల మీద మోకాలెత్తు రాయి మిగిలింది, గరుకుగా, పాలిష్ లేకుండా, ఒక్క వాక్యంతో.

మర్నాడు షిఫ్టు దిగిన జనం ఆ దారిన వచ్చారు. ముందు నడుస్తున్న ముసలి ఫిట్టరు ఆగాడు. ఆయన ఆగితే వెనకవాళ్ళూ ఆగారు. చదువురాని ఒకావిడ ఏమని రాసుందని అడిగితే పక్కావిడ చదివి చెప్పింది. ఎవరి గోదాము, ఏ తలుపు అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఎవరి ఇంట్లో వాళ్ళు అనుకుంటున్న మాటే అది. దారి నిండిపోయి సైకిళ్ళు కూడా కదల్లేదు.

గురువారం వస్తానన్న మేనేజరు బుధవారమే పరుగెత్తుకొచ్చాడు. రాయి ముందు నిలబడి చదివాడు. ముఖం మాడిపోయింది.

"ఏంటిది రాళ్ళక్కా? మీ మరదలు ఎక్కడ పనిచేస్తుందో గుర్తుందా?"

"గుర్తుంది సార్" అంది మరదలు, షెడ్డులోంచి బయటికొచ్చి. రెండు అరిచేతులకీ గుడ్డ పీలికలు కట్టుకుని ఉంది. "గుంట తవ్వింది నేనే."

మేనేజరు ఆమె వైపు చూశాడు, రాయి వైపు చూశాడు, దారిలో అప్పుడే పోగవుతున్న జనం వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"అది తర్వాత చూద్దాం. ముందు మా సారు పద్యం ఏదమ్మా? బంగారు రంగు వెయ్యమన్నది? రేపు దిమ్మె మీదికి ఎక్కాలి. ఏం చేశావు దాన్ని?"

రాళ్ళక్క అరవలేదు. చేతిలో సుత్తి కూడా పక్కన పెట్టింది.

"ఎక్కడికి పోతుంది సార్, ఉంది" అంది, కాలితో నేల చూపిస్తూ. "అడుగున ఉంది. ఎవరికీ కనబడకపోతేనేం, ఉన్నట్టే లెక్క. నేను కూడా పదేళ్ళు అలాగే అనుకున్నాను."